పెంటపోగు నుంచి పిల్లల పళ్ళెం దాకా



ఆదివాసీ దినోత్సవం నాడు కొమ్ముల గురించి, డోలు గురించి, రేల పాటల గురించి మాట్లాడతారు గాని పెంట గురించి మాట్లాడటం ఏమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, పర్వాలేదు. మన పండుగలు చాలావరకు విత్తనం చుట్టూ, కొత్త పంట చుట్టూ తిరిగేవే. విత్తనానికి పండుగ చేసుకునే మనం, దానికి తిండి పెట్టే ఎరువు గురించి పది నిమిషాలు మాట్లాడుకుంటే తప్పేమీ లేదు.

మన పెద్దవాళ్ళు చాలా గూడేల్లో ఆవు పాలు పితికేవాళ్ళు కాదు. పాలు దూడవి అనేవాళ్ళు. పశువును సాకింది నాగలికి, పెంటకి. ఇంటి వెనక తడిక కట్టిన దొడ్డిలో మొక్కజొన్న, చిక్కుడు, సొర, గుమ్మడి పెట్టేవాళ్ళు. సొర తీగ ఇంటి కప్పు ఎక్కేది. ఆ బలమంతా పక్కనే ఉన్న పశువుల కొట్టానిది. పోడు చేనుకు మాత్రం పెంట తోలింది లేదు, అవసరమూ లేదు. కొట్టి కాల్చిన బూడిద, ఏళ్ళ తరబడి రాలిన ఆకు రెండు మూడు పంటలకు సరిపోయేది. తర్వాత ఆ నేలను అడవికి వదిలేసి ఇంకోచోటుకు పోయేవాళ్ళు.

ఇప్పుడు ఆ పోడు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినవాళ్ళు అదే చెక్కను ఏటేటా దున్నుతున్నారు. నేలకు విశ్రాంతి లేదు, ఆకు రాలదు. ఎర్రనేల, గరపనేల రెండేళ్ళకే చచ్చుబడుతోంది. సరిగ్గా ఈ సమయంలోనే మనం చేస్తున్నదేమిటి? ఎడ్లు అమ్మి ట్రాక్టరు మాట్లాడుకుంటున్నాం. మిగిలిన కాసిని పశువుల పెంటను ట్రక్కు లెక్కన మైదానం మిరప తోటలకు అమ్ముకుంటున్నాం. అమ్మేవాళ్ళను తప్పుపట్టడం లేదు, పిల్ల చదువుకో ఆసుపత్రికో డబ్బు కావాలి. కానీ ఆ ట్రక్కులో పోతున్నది మన నేల సారమే.

ఇక మా హాస్టల్ సంగతి. ఆవరణలో నాలుగు కుంటల నేల ముళ్ళకంప పట్టి ఉండేది. బయట నుంచి వచ్చే ఆకుకూర వంటగది చేరేసరికి వాడిపోయి సగం పారేయాల్సి వచ్చేది. మా ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ. ఆరోగ్య పరీక్ష జరిగిన ప్రతిసారీ ఆకుకూర పెట్టండి, మునగాకు పెట్టండి అని చెప్పిపోతారు. సరే, పండిద్దాం అనుకున్నాం. కంప కొట్టించి తోటకూర చల్లితే రెండంగుళాలు లేచి పసుపు రంగుకు తిరిగింది. నేలలో ఏమీ లేదు. పక్క గూడెంలో పశువులున్న ఇళ్ళను అడిగి పెంట తెప్పించాం.

ఒక తండ్రి వచ్చి, "మా పిల్లను చదువుకోమని వేశాం గాని పెండ ఎత్తమనా మేడం?" అని అడిగాడు. అందరి ముందే అడిగాడు. ఆ మాటకు మాకు కోపం రాలేదు. మన పిల్లల చేత ఎన్నో చోట్ల ఎన్నో పనులు చేయించుకున్న చరిత్ర ఆయనకు తెలుసు. అడగాల్సిన మాటే అది. మా పద్ధతి ఏమిటో ఆయనకు చూపించాం, ఇక్కడా చెబుతున్నాం. పచ్చి పెండ దగ్గరికి పిల్లలు రారు. మోసేది, కలిపేది, తిప్పేది కూలికి వచ్చే పెద్దవాళ్ళు. మాగి మట్టి అయిన ఎరువును మాత్రమే, అదీ ఇష్టమున్న పిల్లలు, చదువు గంటలు కాని వేళ, చెప్పులు వేసుకుని మళ్ళలో చల్లుతారు. తర్వాత సబ్బుతో చేతులు కడగాలి. ధనుర్వాతం క్రిములు పశువుల పెండలో, మట్టిలో ఉంటాయి. పోగు ఎంత వేడెక్కినా అవి పూర్తిగా చావవు. అందుకే 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు వేయాల్సిన టీడీ టీకా పడిందా లేదా అని చూసుకుంటాం. కాలికి దెబ్బ ఉన్న పిల్లను తోటలోకి పంపం.

పచ్చి పెండకు, మాగిన ఎరువుకు తేడా తెలియకనే చాలామంది దెబ్బతింటున్నారు. పచ్చిది వేస్తే వేడికి మొక్క వేరు మాడుతుంది. చెదలు, వేరుపురుగు వస్తాయి. కొబ్బరి చెట్టు దగ్గర పెంటపోగు ఉంటే కొమ్ము పురుగు అందులోనే పిల్లలు పెడుతుంది. పశువు తిన్న గడ్డి గింజలు, మేక తిన్న తుమ్మ గింజలు చావకుండా వచ్చి మడి నిండా మొలుస్తాయి. వీటన్నిటికంటే విరేచనాల క్రిములు, నులిపురుగుల గుడ్లు పెద్ద భయం. అమెరికాలో సేంద్రియ పంటల నిబంధన ప్రకారం పచ్చి పెంట వేశాక, నేలకు తగిలే పంటైతే 120 రోజులు, తగలనిదైతే 90 రోజులు ఆగాకే కోయాలి. మన తోటకూర నెలకే కోతకు వస్తుంది. లెక్క మీరే చూసుకోండి. జీవామృతం మీద ఇష్టమున్నవాళ్ళు కూడా పచ్చిగా తినే కొత్తిమీర, ఉల్లికాడ మీద పోయకపోవడం మంచిది.

మన ప్రాంతంలో గుంత తీసి పెంట వేస్తే ఆషాఢం వానకు గుంత చెరువవుతుంది. గాలి ఆడక కుళ్ళి కంపు కొడుతుంది. బయట పోగు పెట్టి వదిలేస్తే వానకు టీ నీళ్ళలా కారేదంతా సారమే. మేం మెరక మీద, తాటాకు పందిరి కింద పోగు వేస్తాం. మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటే చాలు. అంతకు తగ్గితే వేడి నిలవదు. ఒక వంతు పెండకు రెండు మూడు వంతులు వరిగడ్డి, ఎండాకు. టేకు ఆకు మాత్రం చింపి వేయాలి, లేకపోతే చాపలా అతుక్కుని గాలిని ఆపుతుంది. పొయ్యి బూడిద గుప్పెడు చాలు. ఎక్కువైతే నత్రజని ఘాటు వాసనగా గాలిలో కలిసిపోతుంది. కుక్క మలం, పంది పేడ వేయం. తడి ఎంతంటే, పిడికిట్లో పిండితే చెయ్యి చెమ్మగిల్లాలి, నీళ్ళు కారకూడదు.

నాలుగైదు రోజులకు నడిమికి ఇనుప చువ్వ దింపి, కాసేపాగి తీసి పట్టుకోండి. పట్టలేనంత వేడిగా ఉంటే పని జరుగుతున్నట్టే. లోపల 55, 60 డిగ్రీల దాకా పోతుంది. క్రిములను, కలుపు గింజలను చంపేది ఆ వేడే. వేడి తగ్గగానే అంచుల్లో ఉన్నది నడిమికి వచ్చేలా తిప్పాలి. ఇలా నాలుగుసార్లు తిప్పి, తర్వాత కదపకుండా మాగనివ్వాలి. మొత్తం మూడు నాలుగు నెలలు. ఇది కొత్త విద్యేమీ కాదు. 1920లలో ఆల్బర్ట్ హోవార్డ్ అనే దొర ఇండోర్‌లో మన రైతుల దగ్గర చూసినదానికి ఒక పద్ధతి కట్టి ప్రపంచానికి చెప్పాడు. మన పెంట ఆయన పేరుతో తిరిగొచ్చింది.

ఎరువు సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి మా వంట అక్క ఒక ఉపాయం చెప్పింది. డబ్బాలో ఎరువు, మట్టి సగం సగం కలిపి పది మెంతి గింజలు చల్లుతాం. మొలకలు పచ్చగా నిలబడితే సరే. మాడితే ఇంకో నెల ఆగుతాం. వానకు తడిసిన మట్టి వాసన రావాలి గాని పెండ వాసన రాకూడదు.

ఎంత వేయాలి? కూరగాయలకు ఎకరానికి పది టన్నులు అంటారు. అంటే కుంటకు రెండున్నర క్వింటాళ్ళు. ఒక మాట దాచకుండా చెప్పాలి. వంద కిలోల పశువుల ఎరువులో నత్రజని అర కిలో ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఇరవై కిలోలు ఉంటుంది. బస్తాకు సాటి రావాలంటే నాలుగు టన్నుల పెంట కావాలి. కాబట్టి ఐదెకరాల పత్తికి ఇంట్లో ఉన్న రెండు పశువులు సరిపోతాయని మేం చెప్పం. కానీ యూరియా నీళ్ళు పట్టి ఉంచదు, ఎరువు ఉంచుతుంది. మాకు అది వేసవిలో తెలిసింది. రోజూ తడిపే మడిని రెండు రోజులకోసారి తడిపితే సరిపోయింది. దొడ్డికి, నాలుగు కుంటల తోటకు మాత్రం రెండు పశువులు, పది మేకలు ఎక్కువే. మేక పెంటిక, కోడి పెంట ఘాటు ఎక్కువ, వాటిని సగమే వేయండి.

ఇప్పుడు మా పిల్లలకు వారంలో నాలుగు రోజులు తోటలోని ఆకే. గోంగూర రోజైతే అన్నం మిగలదు. పాలకూర ఇంకా పక్కకు నెడుతున్నారు, దానికి మా దగ్గర మందు లేదు. మునగ చెట్లు ఆరు నిలిచాయి. ఆ తండ్రి మొన్న సంక్రాంతికి పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చి, తోటలో తిరిగి, మీ పొట్ల పాదుకు పందిరి ఎత్తు చాలలేదని చెప్పి, తానే నాలుగు వెదురు బొంగులు నాటి వెళ్ళాడు.

బయట బల్ల మీద సొర, పొట్ల, చిక్కుడు గింజలు పొట్లాలు కట్టి పెట్టాం. డబ్బులేమీ వద్దు. ఇంటికో పొట్లం తీసుకోండి. మీ దొడ్డిలో మా దగ్గర లేని పాత రకం ఏదైనా ఉంటే, గింజ పట్టాక ఒక గుప్పెడు హాస్టల్‌కు పంపండి.