గోదావరి జలమార్గము – ఒక చిన్న పద్దు



దుమ్ముగూడెమువద్ద గోదావరి బండలపై ఉరుకును, పడవ నిలువదు. గత శతాబ్దమునకు మునుపటి శతాబ్దమున, సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన యత్నమున, అచ్చట ఆనకట్టయు, బండలను తప్పించు కాలువయు, నావల నెక్కించి దింపు లాకులును కట్టిరి. ఎగువన ఇచ్చంపల్లి, దేవలమర్రి పనులు ముగియకమునుపే 1871లో ఆపివేసిరి. నడుమ తెగిన త్రోవ త్రోవ యెట్లగును?

2008లో భద్రాచలము మొదలు రాజమహేంద్రవరము వరకు 171 కిలోమీటర్లు 4వ జాతీయ జలమార్గమున చేరినవి. 2016 చట్టము దానిని ఎగువకు నాసికము దనుక పొడిగించినది. కాగితమున మన రేవును చేరెను, సంతోషమే! కాని పూడిక తీయువారెవరు? లాకు తలుపులు బాగుచేయువారెవరు? నీటిపారుదలవారికి పైరు ముఖ్యము, జలమార్గ సంస్థవారికి నావ ముఖ్యము. లెక్కలు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను: కట్టుబడి పద్దునకు కర్తలు పలువురు, మరమ్మతు పద్దునకు ఒక్కరును ముందుకు రారు. ఆ పద్దు ఏటేట ఎవరి పేర వ్రాయవలెనో తేల్చుడని అర్జీ వ్రాసి తెచ్చితిని. సభానంతరము చేవ్రాళ్ళు చేయ ప్రార్థన.