యంత్రభాషకు పదచ్ఛేదము
(పాఠశాల వార్షికోత్సవ సభలోని ప్రసంగపాఠము)



ఈ బెంగళూరు నగరమున తెలుగు చదివిన బిడ్డ యంత్రవిద్యలో వెనుకబడునేమో యను శంక మీలో పలువురకు గలదు. దానికి సమాధానముగా ఒక చిన్న విషయమును మనవి చేయుచున్నాము.

1976లో వెలువడిన ఇంటెల్ 8085 ప్రాసెసరును మన నగరపు ఇంజనీరింగు కళాశాలలలో ఎందరో అభ్యసించిరి. అది ఎరిగినది సంఖ్యలనే. 'ఎ అను గదిలో 5 ఉంచుము' అను ఆజ్ఞ దానికి 62, 5 అను రెండు సంఖ్యలు. మనము వ్రాసిన ఆజ్ఞలను సంఖ్యలుగా మార్చునది అసెంబ్లరు. సంఖ్యలను మరల ఆజ్ఞలుగా విప్పి చూపునది డిస్‌అసెంబ్లరు. పాత ప్రాసెసర్లపై మక్కువగలవారు కొందరు నేటికిని ఈ రెంటిని ఫోర్త్ అను భాషలో స్వయముగా వ్రాసికొనుచున్నారు.

ఫోర్త్‌ను నిర్మించినవాడు చార్లెస్ మూర్. 1970ల ఆరంభమున అమెరికాలోని కిట్ పీక్ శిఖరముపైనున్న రేడియో దూరదర్శినిని నడుపుటకు అది ఉపయోగపడెను. ఆ భాషలో 'కూడుము' అని మొదలుపెట్టరు. 2, 3 అని ముందు చెప్పి, పిమ్మట కూడుమందురు. కర్మ ముందు, క్రియ చివర. ఇది మన తెలుగు వాక్యక్రమమే గదా! అందలి అసెంబ్లరు నడకయు ఇట్టిదే. ప్రతి ఆజ్ఞయు నిఘంటువులోని ఒక పదము. దానిని పలికినంతనే తగిన సంఖ్య జ్ఞాపకశాలలో చేరును. కావుననే ఒక్కడు తీరికవేళలందు కొద్దిపుటలలో అట్టి అసెంబ్లరును వ్రాయగలుగుచున్నాడు. నేటి జీఫోర్త్‌లో ఆ పదములకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చును.

డిస్‌అసెంబ్లరు పని ఇంతకంటె సూక్ష్మమైనది. సంఖ్యల నడుమ ఎడము గుర్తులుండవు. 62 వద్ద మొదలిడినచో ఆజ్ఞ సరిగా తెలియును. ఒక సంఖ్య దాటి మొదలిడినచో, ఆ 5 'బి గదిలోని సంఖ్యను ఒకటి తగ్గింపుము' అను వేరొక ఆజ్ఞయగును. 'వానరము' అను మాటను ఒక అక్షరము విడిచి చదివినచో 'నరము' అగుట లేదా? పద్యమునకు పదచ్ఛేదము తప్పినచో అర్థము చెడునట్లే యిదియు. వ్రాసినవారి కాగితములు నశించి, చిప్పులోని సంఖ్యలు మాత్రమే మిగిలిన పాత యంత్రమును తెలిసికొనుటకు ఇట్టి ఓర్పుగల పఠనము కావలెను.

తెలుగు వచ్చినంతమాత్రమున యంత్రవిద్య రాదు. ఇంగ్లీషును, గణితమును శ్రద్ధగా నేర్వవలసినదే. అయినను, ఎక్కడ విరువవలెనో, ఏది దేనితో అన్వయించునో విచారించు అలవాటు తెలుగు తరగతిలోనే మొదలగుచున్నది. ఆ గంటను వ్యర్థమని తలంపకుడు. నేటి రాత్రి మీ బిడ్డచేత ఒక పద్యమునకు పదచ్ఛేదము చేయింపుడు. రేపు ఎస్.పి. రోడ్డు అంగళ్లలో పాత ప్రాసెసరు కనబడినచో, దానిని చూచి వాడు భయపడడు. ఎచ్చట మొదలిడి చదువవలెనో అడుగును.