'డిసీస్డ్' – ఒక మాట, దాని వాడుక, దాని హద్దు



ఈనాటి పాఠంలో ఒక ఆంగ్ల పదాన్ని పరిశీలిద్దాం. అది 'డిసీస్డ్'. చనిపోయిన వ్యక్తి అని దాని అర్థం. బ్యాంకు ఫారంలో, పోలీసు పంచనామాలో, ఆసుపత్రి కాగితంలో, స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఈ మాట మీకు తారసపడుతుంది. తండ్రిని పోగొట్టుకున్న విద్యార్థి ఒక్కోసారి దీన్ని తన చేత్తోనే రాయవలసి వస్తుంది. సైన్సు చెప్పేవారికి ఈ మాటతో పనేమిటని మీరు అడగవచ్చు. కొలతలో పొరపాటు ప్రయోగాన్ని ఎలా పాడుచేస్తుందో, మాటలో పొరపాటు ఒక మరణపు వివరాన్ని అలాగే పాడుచేస్తుంది.

ముందుగా ఉచ్చారణ. రాతలో చివర 'డి' అక్షరం ఉన్నా, పలికేటప్పుడు 'డిసీస్ట్' అని పలకాలి. 'డిజీజ్డ్' అంటే వేరే మాట. రోగం సోకిన అని దాని అర్థం. 'డిజీజ్డ్ ప్లాంట్' అంటే తెగులు పట్టిన మొక్క. స్పెల్లింగులో ఈ రెంటినీ తారుమారు చేస్తే చనిపోయిన మనిషి కాగితం మీద రోగి అవుతాడు.

ఈ మాటకు మూలం లాటిన్‌లో ఉంది. వెళ్ళిపోవడం అనే అర్థమిచ్చే క్రియ నుంచి ఇది పుట్టింది. మన తెలుగు చూడండి. 'చను' అంటే వెళ్ళు. 'చనిపోయాడు' అన్నా, 'పోయాడు' అన్నా మనం చెప్పేది వెళ్ళిపోవడం గురించే. చావు అనే మాటను నోట అనలేక ప్రయాణంగా చెప్పుకోవడం రోములోనూ ఉంది, మన ఊళ్ళోనూ ఉంది.

ఇక వాక్యంలో వాడుక. 'ద డిసీస్డ్ వాజ్ ఎ టీచర్' అంటే మృతుడు ఒక ఉపాధ్యాయుడు. 'ద డిసీస్డ్ వర్ ఫార్మర్స్' అంటే మృతులు రైతులు. ఒకరైనా పదిమందైనా మాట మారదు, క్రియ మాత్రమే మారుతుంది. 'హీ డిసీస్డ్ ఆన్ మండే' అని రాయకండి. తేదీ చెప్పాలంటే 'హీ డైడ్ ఆన్ మండే' అన్న మామూలు వాక్యమే సరైనది. జంతువులకు ఈ మాటను సాధారణంగా వాడరు. ఇంట్లోవాళ్ళకు రాసే ఉత్తరంలోనూ ఇది ఇమడదు. అక్కడ ఇది కాగితపు వాసన వేస్తుంది.

దీనికి దగ్గరి మాటలు మరి మూడు. 'లేట్' పేరుకు ముందు వస్తుంది, మన 'కీర్తిశేషులు' వలె. 'సకమ్డ్' తర్వాత కారణం చెప్పడం అలవాటు: 'సకమ్డ్ టు ఇంజరీస్', అంటే గాయాలతో మరణించారు. 'డిమైజ్' మరణమనే అర్థంలో నామవాచకం. 'హీ డిమైజ్డ్' అనడం తప్పు. ఇదే మాట కౌలు, అద్దె దస్తావేజుల్లో ఆస్తిని లీజుకు ఇవ్వడమనే అర్థంలో వస్తుంది. చూసి కంగారు పడకండి.

ఇప్పుడు 'డిసీస్డ్' అనే మాట ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఒక నిజమైన సంఘటనతో చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ దక్షిణపు కొసన, కోంటా నుంచి దోర్నపాల్ వెళ్ళే రహదారి మీద ఎర్రబోరు అనే ఊరుంది. ఇప్పుడది సుక్మా జిల్లా. 2012కు ముందు దంతెవాడ జిల్లా. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక చుట్టుపక్కల పల్లెల ఆదివాసులను తెచ్చి ఇక్కడ శిబిరంలో ఉంచారు. 2006 జులై 17న మావోయిస్టులు ఆ శిబిరంపై దాడి చేశారు. ఇళ్ళకు నిప్పుపెట్టారు. 30 మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు.

దీనిపై మూడు వాక్యాలు రాద్దాం. ఒకటి: 'మృతులు శిబిరవాసులు.' రెండు: '30 మందికి పైగా మరణించారు.' మూడు: 'మావోయిస్టులు శిబిరంపై దాడి చేసి 30 మందికి పైగా చంపారు.' మూడూ వ్యాకరణరీత్యా సరైనవే. కాని మొదటి వాక్యం చనిపోయినవారు ఎవరో మాత్రమే చెబుతుంది. రెండవది సంఘటన చెబుతుంది. మూడవ దానిలోనే కర్త కనిపిస్తాడు.

ఈ సూత్రం ఒక పక్షానికే కాదు. 2012 జూన్‌లో బీజాపూర్ జిల్లా సర్కేగూడలో 17 మంది చనిపోయినప్పుడు దానిని ఎన్‌కౌంటర్ అన్నారు. కాల్పులు జరిపింది భద్రతా దళాలేనని, చనిపోయినవారు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయ విచారణ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2019లో వెలుగులోకి వచ్చింది. అక్కడ కూడా 'మృతులు' అని రాసి ఊరుకుంటే కర్త మాయమవుతాడు.

మరి కర్తను దాచే మాట ఎందుకు? దానికీ చోటుంది. అనుమానాస్పద మరణంపై పోలీసులు జరిపే శవపంచనామాకు ఒకప్పుడు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ ఆధారం. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్. మనిషి ఎలా పోయాడో ఆ సమయానికి ఇంకా తెలియదు. ఉరా, విషమా, హత్యా అన్నది తేలకముందు 'డిసీస్డ్' అనడం నిజాయితీ. తేలిన తర్వాత కూడా అక్కడే ఆగిపోవడం నిజాయితీ కాదు.

వైద్యశాస్త్రంలోనూ ఇదే నియమం. మరణ కారణ ధ్రువపత్రంలో డాక్టరు 'గుండె ఆగింది' అని మాత్రమే రాస్తే చాలదు. ఎవరు చనిపోయినా చివరకు గుండె ఆగుతుంది. అది మరణించిన తీరు, కారణం కాదు. గుండె ఆగడానికి ఫాల్సిపేరం మలేరియా మెదడుకు ఎక్కడం కారణమైతే, ఆ పేరు రాయాలి. పేరు రాస్తేనే ఆ ఊరికి దోమతెరలు, మందులు కావాలన్న సంగతి లెక్కల్లోకి ఎక్కుతుంది.

విద్యార్థులారా, ఇంటి దగ్గర ఒక చిన్న అభ్యాసం చేయండి. ఏదైనా దినపత్రికలో మరణవార్తలు ఐదు తీసుకోండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేనివల్ల, ఎవరివల్ల అన్న ఐదు ప్రశ్నలు ఒక్కొక్క వార్తకూ వేయండి. జవాబు దొరకని చోట గీత గీయండి. తెలియక వదిలారా, తెలిసీ వదిలారా అని ఆలోచించండి. 'డిసీస్డ్' అనే మాట మనిషి వెళ్ళిపోయాడని చెబుతుంది. ఎలా వెళ్ళవలసి వచ్చిందో అతడు ఇక చెప్పలేడు. ఆ వాక్యం రాయవలసింది బతికున్న మనమే.

సెలవు.