చిన్న ఊరి పాటకు ముందు రెండు పాటలు

(మహాసభల సాహిత్య సదస్సులో చేసిన ప్రసంగం)



ఈ పూట సదస్సు అంశం "ఊరు – పాట" అన్నారు. నా ముందు మాట్లాడిన ఇద్దరూ ఏరువాక పాటల గురించి, బతుకమ్మ పాటల గురించి ఎంతో చక్కగా చెప్పారు. వాటి మీద నేను కొత్తగా చెప్పగలిగిందేమీ లేదు. నేనుండేది ఇండియానా రాష్ట్రంలో కాబట్టి అక్కడి పాట ఒకటి పట్టుకొచ్చాను. జాన్ మెలన్‌క్యాంప్ పాడిన 'స్మాల్ టౌన్'. 1985లో వచ్చింది. బిల్‌బోర్డ్ పట్టికలో ఆరో స్థానం దాకా వెళ్లింది. ఎవరిదో తెలియకపోయినా మీలో చాలామంది కారు రేడియోలో వినే ఉంటారు. గలగలా మోగే గిటారు, దాని వెనక గట్టిగా పడే డ్రమ్ము దెబ్బ, మన రచ్చబండ దగ్గర మాట్లాడుకున్నంత మామూలు మాటలు. కంట్రీ సంగీతానికుండే కథ చెప్పే గుణం, రాక్ సంగీతానికుండే దరువు కలిసిన బాణీ. దీనికి హార్ట్‌లాండ్ రాక్ అని ఒక పేరు కూడా పెట్టారు.

పాటలో విషయం చాలా చిన్నది. నేను చిన్న ఊళ్లో పుట్టాను, మా అమ్మానాన్నలదీ చిన్న ఊరే, నా స్నేహితులదీ అంతే, ఇక్కడ పెద్దగా అవకాశాలు లేవు, అయినా నేను పోయేది కూడా బహుశా ఇలాంటి ఊళ్లోనే అంటాడు. అంతే. పట్నాన్ని తిట్టడు. ఊరిని ఆకాశానికి ఎత్తడు. అవకాశాలు లేవన్న ముక్క దాచకుండా చెప్పడమే నాకు మొదట నచ్చిన సంగతి. మన ఊరి పాటల్లో కోయిల ఉంటుంది, చెరువుగట్టు ఉంటుంది. పని దొరకదన్న మాట మాత్రం చాలా తక్కువసార్లు వినబడుతుంది.

ఆ చిన్న ఊరి పేరు సీమోర్. దక్షిణ ఇండియానాలో, జాక్సన్ కౌంటీలో ఉంది. రెండు రైలు మార్గాలు కలిసే చోట పుట్టిన ఊరు, మన డోర్నకల్ లాంటి జంక్షన్ అనుకోండి. 1866లో రీనో సోదరుల ముఠా అమెరికాలో తొలి రైలు దోపిడీల్లో ఒకటి చేసింది ఆ ఊరి పక్కనే. మెలన్‌క్యాంప్ అక్కడే 1951 అక్టోబరు 7న పుట్టాడు. పుట్టుకతోనే వెన్నెముక లోపం. పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఇండియానాపోలిస్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. తను బతికి బట్టకట్టింది పట్నం ఆసుపత్రి వల్లేనని తెలిసినవాడు పట్నాన్ని ఎందుకు తిడతాడు లెండి.

సీమోర్‌కు ఇరవై మైళ్ల దూరంలో కొలంబస్. అక్కడ కమిన్స్ ఇంజన్ల కంపెనీ ప్రధాన కార్యాలయం ఉంది. సీమోర్‌లో కూడా వాళ్ల ప్లాంటు ఉంది. కాబట్టి ఆ మొక్కజొన్న చేల మధ్య తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపోకండి.

ఈయన పేరు కథ ఒకటి చెప్పాలి, మనవాళ్లకు బాగా అర్థమవుతుంది. 1976లో మొదటి ఆల్బం వచ్చింది. దాని పేరులో చెస్ట్‌నట్ స్ట్రీట్ ఉంది, అది సీమోర్‌లోని వీధి. కానీ అట్ట మీద గాయకుడి పేరు జానీ కూగర్ అని ఉంది! మెలన్‌క్యాంప్ అనే జర్మన్ ఇంటిపేరు అమ్ముడుపోదని మేనేజరు మార్చేశాడు. అట్ట చూశాకే తనకు తెలిసిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. 1983లో వచ్చిన ఆల్బంతో కూగర్ పక్కన మెలన్‌క్యాంప్ చేర్చగలిగాడు. కూగర్ పూర్తిగా ఊడిపోయేసరికి 1991 అయింది. ఇంటిపేరు తిరిగి సంపాదించుకోవడానికి పదిహేనేళ్లు. వెంకటేశ్వర్లు కాస్తా 'వెన్' అయిపోయిన వాళ్లు, ఇంటిపేరుతోనే ఆఫీసంతా పిలుస్తుంటే పలుకుతున్న వాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 'స్మాల్ టౌన్' విడిగా వింటే సొంతూరి మీద ప్రేమ పాటలా ఉంటుంది. రేడియోలో అలాగే వేస్తారు. జెండా పండుగలకు, ఎన్నికల సభలకు కూడా పనికొచ్చేలా ఉంటుంది. కానీ ఆ పాట ఉన్న 'స్కేర్‌క్రో' ఆల్బంలో అది మూడో పాట. దాని ముందు రెండున్నాయి. ఆ రెండూ విన్నాక ఈ పాట వేరుగా వినబడుతుంది.

మొదటిది 'రెయిన్ ఆన్ ద స్కేర్‌క్రో'. సీమోర్‌లో తనతో పెరిగిన జార్జ్ గ్రీన్‌తో కలిసి రాశాడు. తాతముత్తాతల నాటి పొలం అప్పు కింద బ్యాంకు చేతిలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డ రైతు పాట అది. కల్పన ఏమీ లేదు. 1970లలో ధాన్యం ధరలు, భూముల ధరలు పెరిగాయి. అప్పులు తీసుకోండి, సాగు పెంచండి అని అందరూ ప్రోత్సహించారు. 1980 జనవరిలో సోవియట్ యూనియన్‌కు ధాన్యం అమ్మకాల మీద అమెరికా ఆంక్ష పెట్టింది. 1981 నాటికి బ్యాంకుల ప్రైమ్ వడ్డీ రేటు 20 శాతం దాటింది. తర్వాత భూమి ధర పడిపోయింది. లక్ష డాలర్ల పొలాన్ని చూసి ఇచ్చిన అప్పు అలాగే ఉంది, పొలం మాత్రం లక్ష చెయ్యడం లేదు. బ్యాంకులు గుమ్మం ముందు నిలబడ్డాయి. ట్రాక్టర్లు, నాగళ్లు, చివరికి ఇంట్లో సామాను కూడా వేలానికొచ్చాయి. మన భాషలో వేలానికి కూడా 'పాట' అనే అంటాం కదా. ఆ ఊళ్లలో ఆ రోజుల్లో ఎక్కువగా వినబడిన పాట అదే.

రెండోది నిమిషం కూడా లేదు. మెలన్‌క్యాంప్ నాయనమ్మ లారా పాడిన పాత పాట ముక్క. ఆమె వృత్తి గాయని కాదు. ఇంట్లో పాడుకునే గొంతు, వణుకుతూ ఉంటుంది. రాక్ ఆల్బంలో ముసలావిడ గొంతేమిటని మొదటిసారి విన్నప్పుడు నేనూ అనుకున్నాను.

పొలం పోయింది, నాయనమ్మ పాడింది, అప్పుడు 'స్మాల్ టౌన్' మొదలవుతుంది. ఆ వరుస ఊరికే పెట్టింది కాదని నా నమ్మకం. చుట్టూ పొలాలు పోతుంటే మధ్యలో ఊరు ఎన్నాళ్లుంటుంది? రైతు దగ్గర డబ్బు లేకపోతే ఇనుప సామాన్ల కొట్టు మూతపడుతుంది, తర్వాత సినిమా హాలు, తర్వాత బడి. ఇక్కడే పుట్టాను, ఇక్కడే పోతాను అని అంత హుషారుగా పాడుతున్నవాడికి ఆ సంగతి తెలుసు. తెలిసే పాడుతున్నాడు.

పాడి ఊరుకోలేదు కూడా. అదే 1985లో, సెప్టెంబరు 22న, విల్లీ నెల్సన్, నీల్ యంగ్‌లతో కలిసి ఇల్లినాయ్‌లోని షాంపేన్‌లో మొదటి ఫార్మ్ ఎయిడ్ కచేరీ చేశారు. 70 లక్షల డాలర్ల పైచిలుకు పోగయింది. 1987లో నెల్సన్, ఈయన కలిసి రైతులను వెంటబెట్టుకుని అమెరికన్ కాంగ్రెస్ ముందుకు వెళ్లారు. వ్యవసాయ రుణాల చట్టం ఆ తర్వాతే వచ్చింది. చాలామంది రైతులకు అది ఆలస్యంగా అందిన సాయమే. అప్పటికే పోయిన పొలాలు పోయాయి.

మనకు ఇలాంటి పాట లేదా అంటే ఉంది. 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చిన గోరటి వెంకన్న గారి పల్లె పాట విననివాళ్లు ఇక్కడ ఉండరు. కుమ్మరి, కమ్మరి, సాలె ఒక్కొక్కరే ఎలా చితికిపోయారో వరుసపెట్టి చెబుతుంది. ఆ పాట విన్నప్పుడల్లా నాకు ఇండియానా గుర్తొస్తుంది, మెలన్‌క్యాంప్ విన్నప్పుడు పాలమూరు గుర్తొస్తుంది. అయితే వీళ్లిద్దరికీ, మన సావనీర్లలో "మా ఊరు" వ్యాసాలు రాసే నాలాంటి వాళ్లకూ ఒక తేడా ఉంది. వాళ్లు ఆ మనుషుల మధ్య ఉంటూ పాడారు. మెలన్‌క్యాంప్ డబ్బు, పేరు వచ్చాక న్యూయార్క్‌లోనో కాలిఫోర్నియాలోనో కాపురం పెట్టలేదు. సీమోర్ నుంచి కారులో గంట పైచిలుకు దూరంలో ఉన్న బ్లూమింగ్టన్ దగ్గర స్థిరపడ్డాడు. 'స్మాల్ టౌన్' రాసింది కూడా ఇంట్లో బట్టలుతికే గదిలోనేనట.

మన సంగతి వేరు. మా నాన్నగారు 1996లో నాలుగెకరాల చేను అమ్మారు. ఒక సెమిస్టరు ఫీజు, విమానం టికెట్టు, రెండు సూట్‌కేసులు, ఆవకాయ జాడీ. ఆ చేను ఇప్పుడు ప్లాట్లు. హద్దురాళ్లకు తెల్లరంగు వేసి నంబర్లు రాశారు, మాది ఏ నంబరు దగ్గర మొదలయ్యేదో ఆనవాలు పట్టలేం. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇలాగే ఏదో ఒకటి అమ్మి ఉంటారు, చేను కాకపోతే గేదెలు, గేదెలు కాకపోతే అమ్మ మెడలో గొలుసు. నేను మా ఊరి గురించి ఎప్పుడు రాసినా చెరువు రాశాను, చింతచెట్టు రాశాను. అమ్మకం కాగితం మీద సంతకం పెట్టిన రోజు గురించి రాయడానికి కలం రాలేదు. మెలన్‌క్యాంప్ ఆల్బం మాత్రం అక్కడే మొదలవుతుంది.

మా అమ్మాయి పుట్టింది కొలంబస్‌లో. "నీది ఏ ఊరు" అని ఎవరైనా తెలుగువాళ్లు అడిగితే నా మొహం చూస్తుంది. నేను మా ఊరి పేరు చెబుతాను. అమెరికన్లు అడిగితే నా మొహం చూడదు. తనే ఇండియానా అని చెబుతుంది. దాంతో ఊరుకోరు. "అది సరే, అసలు ఎక్కడ" అంటారు. రెండు వైపులా తన జవాబు చెల్లదు. ఒకసారి కారులో ఈ పాట వస్తుంటే తను ఒక్క మాట తప్పకుండా పాడింది. నేను నేర్పింది కాదు. నాకున్న ఊరి పాటలేవీ తనకు అంత బాగా రావు. మరి తన ఊరి పాట తనకు వచ్చింది కదా, నేనెందుకు చిన్నబుచ్చుకోవాలని ఆ రోజు అనిపించింది. కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

అధ్యక్షుల వారు చీటీ పంపారు, సమయం అయిపోయిందట. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. ఇండియానాపోలిస్ నుంచి లూయివిల్ వెళ్లే 65వ నంబరు హైవే మీద ప్రయాణం పడితే 50వ ఎగ్జిట్ దగ్గర దిగండి, సీమోర్ వస్తుంది. 2010 లెక్కల్లో జనాభా సుమారు 17,500, 2020లో 21,500. మధ్య అమెరికా దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ల పిల్లలదీ చిన్న ఊరే. పాత బజారులో ఒక గోడ నిండా 2019లో వేసిన మెలన్‌క్యాంప్ బొమ్మ ఉంటుంది. అక్కడికి చేరేలోపు కారులో ఆ ఆల్బం పెట్టుకోండి. మొదటి మూడు పాటలూ కలిపి తొమ్మిది నిమిషాల్లోపే. మొదటి రెండూ దాటవేసి మూడోది మాత్రం వేయకండి.