ఈనిన పశువు కాలేయానికి లెసిథిన్ చేసే మేలు
(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



"గేదె బాగా బలిసి ఉంది, సుఖంగా ఈనింది. తీరా పాలు పెరగవలసిన వేళకు దాణా ముట్టడం లేదు" – గ్రామాలలో మేము తరచు వినే మాట ఇది. ఇలా ఎందుకు జరుగుతుందో ఈ రోజు చెప్పుకుందాము.

నీటిలో కొవ్వు కలవదు. అయినా పాలలో వెన్న సన్నని బిందువులుగా నిలిచి ఉంటుంది. ప్రతి బిందువు చుట్టూ పలుచని పొర ఉండడమే దీనికి కారణం. చిలికినప్పుడు ఆ పొర చిరిగి వెన్న తేలుతుంది. పొరలో చాలా భాగం మజ్జిగలో మిగులుతుంది. ఆ పొరలోని ముఖ్య పదార్థాలలో ఫాస్ఫటిడైల్ కోలిన్ ఒకటి. దీనికే లెసిథిన్ అని 1850లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గోబ్లీ పేరు పెట్టాడు. దీని ఒక కొస నీటిని, రెండవ కొస కొవ్వును పట్టుకుంటుంది. జంతువుల శరీరంలో ప్రతి జీవకణపు పొరలోనూ ఇది ఉంటుంది.

ఈనిన పశువు తినేది తక్కువ, పాల రూపంలో ఇచ్చేది ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి ఒంటి కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. కాలేయం ఆ కొవ్వును లెసిథిన్ పొరతో చుట్టి రక్తంలోకి పంపాలి. నెమరువేసే పశువులలో ఈ పని అసలే నిదానం. లెసిథిన్ చాలకపోతే కొవ్వు కాలేయంలోనే పేరుకుంటుంది. దీనితోపాటు కీటోసిస్ కూడా రావచ్చు: పశువు దాణా వదలి ఎండుగడ్డి కొరుకుతుంది, చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి.

అయితే లెసిథిన్ కొని దాణాలో కలిపితే సరిపోదా అని మీరు అడగవచ్చు. అందులోని కోలిన్‌ను పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు చాలావరకు విరిచివేస్తాయి. పెద్దపొట్టను దాటిపోయేలా పూత పూసిన కోలిన్ దొరుకుతున్నది. పశువైద్యుని సలహాపైనే వాడండి.

ఖర్చు లేని జాగ్రత్తలు మన చేతిలో ఉన్నాయి. వట్టిపోయిన పశువును అతిగా బలవనీయకండి. బలిసిందని చూడి చివరి రోజులలో మాడ్చకండి. మాడ్చితే కొవ్వు అప్పుడే కరగడం మొదలవుతుంది. ఈనిన తరువాత మంచి పచ్చిమేత ఇస్తూ దాణాను క్రమంగా పెంచండి. మేత మానిన రోజునే పశువైద్యునికి చూపించండి.

ఈతకు ముందు మూడు వారాలు, తరువాత మూడు వారాలు – ఈ ఆరు వారాల శ్రద్ధ మీద ఆ ఈత పాలన్నీ ఆధారపడి ఉన్నాయని మరువవద్దని మనవి.