పసుపు గుర్తు పెట్టుకున్న పడవలు



1971 యుద్ధం అనగానే మనకు విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గుర్తొస్తుంది. అదే డిసెంబరులో మన విమానాలే మన పక్షాన పోరాడుతున్న రెండు పడవల్ని ముంచేశాయి. ఆ సంగతి మన ఊళ్ళలో ఎవరూ చెప్పుకోరు.

వాటి పేర్లు పద్మ, పలాష్. బంగ్లాదేశ్ విముక్తికి పోరాడుతున్న ముక్తివాహిని కోసం కలకత్తాలో ఫిరంగులు బిగించి సిద్ధం చేసినవి. డిసెంబరు 10న మన నౌకాదళ గస్తీ పడవ పాన్వెల్‌తో కలిసి, కమాండర్ సామంత్ నాయకత్వంలో, శత్రువు చేతిలో ఉన్న ఖుల్నా రేవు వైపు సాగాయి. పైనుంచి గుర్తుపట్టడానికి పసుపు రంగు గుర్తులు కూడా పెట్టుకున్నాయి. నెత్తిన విమానాలు కనబడగానే, మనవే, కాల్చకండి అన్నాడు సామంత్. ఆ విమానాలే దిగొచ్చి ముందు పద్మను, తర్వాత పలాష్‌ను కొట్టాయి.

పలాష్ ఇంజను గదిలో రుహుల్ అమీన్ అనే నావికుడు ఉన్నాడు. పడవ తగలబడుతున్నా ఇంజనును వదల్లేదు. చివరికి గాయాలతో ఒడ్డుకు చేరితే, అక్కడ రజాకార్లు చంపేశారు. రజాకార్లంటే మనకు తెలంగాణ గుర్తొస్తుంది. బంగ్లాదేశ్‌లో పాకిస్తాన్ సైన్యానికి తోడుగా నిలిచినవాళ్ళదీ అదే పేరు. బంగ్లాదేశ్ తన అత్యున్నత శౌర్య పురస్కారం బీర్ శ్రేష్ఠ ఏడుగురికే ఇచ్చింది. అందులో ఆయనొకడు.

గుర్తులున్నా ఈ పొరపాటు ఎలా జరిగింది? మన నిజాంపట్నం రేవులో పడవలు బారులు తీరి ఉంటే, గట్టు మీద నిలబడి కూడా ఏది ఎవరిదో చప్పున చెప్పలేం. పైలట్‌కు దొరికేవి కొన్ని క్షణాలే. శత్రువు చేతిలో ఉన్న రేవు దగ్గర కనిపించిందంటే శత్రువుదే అనుకుంటాడు. 1941 మే 26న జర్మన్ నౌక బిస్మార్క్‌ను వెతుకుతూ వెళ్ళిన బ్రిటిష్ విమానాలు తమ సొంత నౌక షెఫీల్డ్ మీదే టార్పెడోలు వదిలాయి. షెఫీల్డ్ అటు వెళ్ళిందన్న సందేశం ముందే వచ్చింది. సంకేత భాషలో ఉన్న దాన్ని విప్పి చదివేలోపే విమానాలు లేచిపోయాయి. టార్పెడోల పేలుడు సాధనాలు సరిగా పనిచేయక ఆ నౌక బతికింది. 1971లోనే పాకిస్తాన్ విమానాలు కరాచీ దగ్గర తమ నౌక జుల్ఫికర్‌నే మన నౌక అనుకుని కాల్చాయి.

అందుకే నేను పైలట్ల కళ్ళను తప్పుపట్టను. ఎవరు ఎక్కడున్నారో ఒక దళం మరో దళానికి వేళకు చెప్పాలి, విన్నవాళ్ళు ఆకాశంలో ఉన్నవాడి దాకా చేర్చాలి. అది జరగనప్పుడు రంగులు ఎంత పూసినా ప్రాణాలు దక్కవు.

ఇక్కడున్న మాస్టార్లకు నాదొక మనవి. పిల్లలకు ఘాజీ కథ చెప్పే రోజున పద్మ, పలాష్‌ల పేర్లు కూడా చెప్పండి. రూప్సా నది ఒడ్డున రుహుల్ అమీన్ సమాధి ఉందని చెప్పండి.