పాత సామాను – పింఛనుదారు లెక్క

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి పెద్దలు ఇంతసేపూ మాట్లాడారు. ఆ తరువాత నన్ను లేపి పాత ఫర్నిచర్ కొనడం గురించి చెప్పమంటే కొందరికి నవ్వు రావచ్చు. కాని ఒక్కసారి ఆలోచించండి. క్వార్టరు ఖాళీ చేసి సొంత ఇంటికో, అద్దె ఇంటికో, పిల్లల దగ్గరికో మారేది మనమే. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము చేతికి వచ్చేదీ అప్పుడే. అందులో కొంత మొదటి రెండు నెలల్లోనే సోఫాలకూ, మంచాలకూ వెళ్ళిపోతుంది. కమ్యూట్ చేసిన పింఛను భాగం తిరిగి కలవడానికి పదిహేనేళ్ళు పడుతుంది. ఆ సోఫా అయిదేళ్ళు నిలిస్తే గొప్ప!

నేను సర్వీసులో ఎక్కువ కాలం స్టోర్సు సెక్షన్లో పనిచేశాను. కండెమ్ చేసిన బల్లలూ కుర్చీలూ లెక్కగట్టి వేలానికి పెట్టడం నా విధుల్లో ఒకటి. వేలం పాటకు వచ్చే వ్యాపారులు బల్ల పైభాగం చూసేవారు కారు. తలకిందులు చేసి అడుగు చూసేవారు. నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ పాఠానికి వివరణే.

ఎలా చూడాలి?

పాలిష్ పైన ఉంటుంది, నిజం అడుగున ఉంటుంది. బల్ల అడుగున, సొరుగు వెనక రంగు వేయని చోట చెక్క అసలు రూపం కనిపిస్తుంది. మన వాళ్ళు మనిషికైనా మానుకైనా 'చేవ' ఉండాలంటారు. చెట్టు నడిమి భాగమే చేవ. చుట్టూ ఉండే తెల్లచెక్కను చెదలూ, పురుగులూ తేలికగా తింటాయి. టేకులో చేవకున్న మన్నిక ఆ తెల్లచెక్కకు లేదు. లేత చెట్లలో తెల్లచెక్క పాలు ఎక్కువ. అందుచేత 'ఇది టేకే' అన్నంత మాత్రాన సరిపోదు, అందులో చేవ ఎంతో చూడాలి. పాతకాలపు బర్మా టేకు సామాను దొరికితే ఊరికే వదలకండి. మయన్మార్ ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతి నిషేధించింది. ఆ సరుకు ఇక పాత ఇళ్ళలో వెతుక్కోవలసిందే.

తరువాత అతుకులు చూడాలి. వడ్రంగి కుసి తీసి, బెజ్జంలో బిగించిన కుర్చీ వదులైనా మళ్ళీ బిగించుకోవచ్చు. ఉత్త మేకులతో కొట్టిన కుర్చీకి ఆ అవకాశం తక్కువ. కుర్చీని ఎదురు మూలలు పట్టుకుని ఊపండి. మూలుగుతుందో, నిలుస్తుందో తెలుస్తుంది. చెక్కను వేలితో తట్టండి. బోలుగా మోగితే లోపల చెదలు తిని ఉండవచ్చు. సన్నని చిల్లులున్నా భయం లేదు గాని, వాటి కింద తాజాగా తెల్లని పిండి రాలుతుంటే పురుగు ఇంకా కాపురం చేస్తున్నట్టే.

నల్లుల సంగతి మన తరానికి చెప్పనక్కరలేదు. మంచం కీళ్ళలో, పేము అల్లికలో నల్లని చుక్కలుంటే అనుమానించండి. నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు కాబట్టి 'ఏడాదిగా గొడౌన్లో పడి ఉంది సార్' అన్న మాటకు మోసపోకండి. కొన్న మంచాన్ని ముందు మేడ మీద ఎండలో పెట్టి, కీళ్ళలో మరిగే నీళ్ళు పోసి, ఆరాకే లోపలికి తెండి. పాత పరుపు, దిండు, దూది కుక్కిన సోఫా మాత్రం ఎంత చవకైనా వద్దు.

అలాగే చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల సామాను పాతది కొనవద్దు. తడి తగిలితే ఉబ్బుతుంది. ఒకసారి ఊడదీస్తే స్క్రూ మళ్ళీ గట్టిగా పట్టదు.

ఇనుప బీరువా వేరే సంగతి. గోద్రెజ్ వారు 1923లో ఇనుప బీరువాల తయారీ మొదలుపెట్టారు. మనలో చాలామంది పెళ్ళిళ్ళకు ముందే ఇళ్ళలో చేరిన బీరువాలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. పాత బీరువా కొనేటప్పుడు అడుగు రేకు, వెనక రేకు తుప్పు పట్టాయేమో చూడండి. కొత్తగా రంగు వేసి ఉంటే మరింత జాగ్రత్తగా చూడండి. ఇంటికి చేరగానే తాళం మార్పించండి. పాత తాళంచెవి ఎవరి దగ్గరుందో మనకు తెలియదు కదా!

మనుమల కోసం పాత ఉయ్యాల కొనేవారికి ఒక హెచ్చరిక. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని మిలియనుకు 90 భాగాలకు పరిమితం చేసే నియమాలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకు ముందు రంగు వేసిన ఉయ్యాలను ఇంట్లో ఉప్పు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము పసివాళ్ళకు హాని చేస్తుంది. రంగు పెచ్చులు లేస్తున్న ఉయ్యాల అసలే వద్దు.

చివరగా మన మోకాళ్ళు. కుర్చీలో కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. లేచేటప్పుడు పట్టుకోవడానికి చేతులుండాలి. పల్లంగా, మెత్తగా ఉన్న సోఫా చూడ్డానికి దర్జాగా ఉంటుంది, లేవడానికి మాత్రం ఇంకొకరు కావాలి.

ఎక్కడ, ఎప్పుడు?

హైదరాబాదులో ఉన్నవారికి బేగంబజారు దగ్గరి జుమ్మెరాత్ బజార్, ఎర్రగడ్డలో ఆదివారం సంత తెలిసినవే. ఇతర ఊళ్ళలో ఉన్నవారు పాత ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే అడితీలు చూడండి. ఉద్యోగాల కోసం ఊరు మారే కుర్రవాళ్ళు నెలాఖరున ఇల్లు ఖాళీ చేస్తూ మంచి సామాను తక్కువకు ఇచ్చేస్తుంటారు. కొత్త సరుకే కావాలంటే ఆషాఢం దాకా ఆగండి. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి దుకాణాల వాళ్ళే తగ్గింపు ధరలతో పిలుస్తారు. 1938లో మొదలైన మన నుమాయిష్ కూడా ముగిసే రోజుల్లో బేరానికి అనుకూలంగా ఉంటుంది.

ధర అడిగిన వెంటనే సగానికి అడగడం గొప్ప అనుకుంటారు కొందరు. నా పద్ధతి వేరు. ముందు ఇంటిదగ్గరే మనసులో ఒక అంకె అనుకుని వెళతాను. లోపాలు ఒక్కొక్కటీ వ్యాపారికి చూపిస్తాను. ఆ తరువాత 'ఆఖరీ బోలో భాయ్' అంటాను. అంకె కుదరకపోతే నమస్కారం పెట్టి నడుస్తాను. చాలాసార్లు నాలుగడుగులు వేసేలోగా పిలుపు వస్తుంది. రాకపోయినా నష్టం లేదు. పింఛనుదారుకు డబ్బు తక్కువైనా తీరిక ఎక్కువ!

అయితే బజార్లో చెల్లించిన ధర ఒకటి, ఇంటికి చేరిన ధర ఇంకొకటి. నేను కొన్న టేకు రాతబల్లకు తొమ్మిది వేలు చెప్పి 5,500కు ఇచ్చాడు. ట్రాలీ ఆటోకు 700, మూడో అంతస్తుకు మోసిన కూలీలకు 300, వడ్రంగి పనికీ లక్క పాలిష్‌కూ 1,500. వెరసి ఎనిమిది వేలు. ఈ అంకెతోనే కొత్త బల్లతో పోల్చాలి. అయినా లాభమే అనిపించింది కాబట్టే కొన్నాను.

రసీదు అడగండి. ఊరూ పేరూ చెప్పని మనిషి దగ్గర మరీ చవకగా దొరికే వస్తువు జోలికి పోవద్దు. దొంగసొత్తని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని కొనడం నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 317వ సెక్షన్.

అమ్మేటప్పుడు

సెల్‌ఫోన్‌లో ప్రకటన పెట్టి అమ్మేవారికి ఒక ముఖ్యమైన మాట. 'సైన్యంలో పనిచేస్తున్నాను, సామాను చూడకుండానే కొంటాను, ఈ కోడ్ స్కాన్ చేస్తే మీకు డబ్బు పడుతుంది' అని ఎవరైనా అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. మనకు డబ్బు రావడానికి మనం కోడ్ స్కాన్ చేయనక్కరలేదు, పిన్ నంబరు కొట్టనక్కరలేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన ఖాతాలోంచి పోతున్నదని అర్థం. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

దీనికన్నా పెద్ద నష్టం మన ఇళ్ళలోనే జరుగుతోంది. మన సహోద్యోగి ఒకరు కాలం చేశారు. పేరు చెప్పను. విదేశంలో ఉన్న కుమారుడు రెండు వారాల సెలవులో వచ్చాడు. అబ్బాయి మంచివాడే, తల్లిని చిన్న ఫ్లాట్‌లోకి మార్చి వెళ్ళాలన్నదే అతని తొందర. టేకు బీరువా, రెండు పట్టెమంచాలు, రాతబల్ల, చేతుల కుర్చీ అన్నీ కలిపి పాతసామాన్ల వాడు నాలుగు వేలకు పట్టుకుపోయాడు. కొన్ని నెలల తరువాత నేనూ మా ఆవిడా చూడబోయాం. వదినగారు కొత్త సోఫాలో కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయారు. మా ఆవిడ చెయ్యి అందించింది. 'ఆయన కుర్చీ ఉంటే దాని చేతులు పట్టుకుని లేచేదాన్ని అన్నయ్యగారూ. ఎవరూ నన్ను అడగలేదు' అన్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నాలుగు వేలు తక్కువ ధర అన్నది నిజమే. కాని ఆవిడ బాధ ధర గురించి కాదు. అందుకని మీ అందరినీ కోరేది ఒక్కటే. ఇంట్లో పెద్దదిక్కు పోయిన మూడు నెలల లోపు ఏ వస్తువూ అమ్మకండి. ఆ తరువాతనైనా, దాన్ని వాడేవారిని అడగకుండా అమ్మకండి. ఈ మాట మీ పిల్లలకు ఇప్పుడే, మీరు ఆరోగ్యంగా ఉండగానే చెప్పండి.

కార్యవర్గానికి ఒక ప్రతిపాదన చేసి ముగిస్తాను. మన పత్రికలో 'ఇవ్వదలచినవి – కావలసినవి' అని అరపేజీ కేటాయించండి. ఒకరు చిన్న ఇంటికి మారుతూ వదిలే బల్ల ఇంకొకరికి అవసరం కావచ్చు. మధ్యలో దళారీ ఉండడు. ఏ సభ్యుడైనా కొనడానికో, అమ్మడానికో వెళుతుంటే కలప తెలిసినవారు ఇద్దరు ముగ్గురు తోడు వెళ్ళే ఏర్పాటు చేద్దాం. మొదటి పేరు నాదే రాసుకోండి. మోకాళ్ళు సహకరించినంత కాలం ఏ బజారుకైనా వస్తాను.